ఫోటోలు ముప్పై ఏళ్లు దాచాలంటే జేపెగ్ చాలా, టిఫ్‌లోకి మార్చాలా?

హార్డ్ డిస్క్ నిండా పిల్లల ఫోటోలున్నాయి, ముప్పై ఏళ్ల తర్వాత కూడా బాగుండాలంటే అన్నీ టిఫ్‌లోకి, అంటే వివరాలేవీ పారేయకుండా దాచే పెద్ద ఫైళ్లలోకి, మార్చాలా అని అడిగారు. మార్చకండి. కెమెరా జేపెగ్ ఇస్తే జేపెగ్‌గానే ఉంచండి. 1992 నాటి ఫార్మాట్ అది, నేటికీ ఏ ఫోన్లో పెట్టినా తెరుచుకుంటుంది. నాకు తెలిసి ఫోటోలను పాడుచేసేది సేవ్ బటనే. మా ఇంట్లో దాన్ని నొక్కింది నేనే.

మాది మహబూబ్‌నగర్. 2007లో నాయినమ్మతో సహా ఇంటిల్లిపాదీ మా ఊరి పాత మహావృక్షం పిల్లలమర్రికి పోయాం. అప్పుడు మర్రి కింద ఎక్కడపడితే అక్కడ కూర్చోనిచ్చేవారు. నేలకు వాలిన కొమ్మ మీద నాయినమ్మ, పక్కన పెదనాయిన, చుట్టూ మేం. ఐదు మెగాపిక్సెళ్ల కెమెరా, ఫైలు రెండు ఎంబీల పైచిలుకు. అలాంటి ఫోటో మళ్లీ తీద్దామన్నా కుదరలేదు. 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక జనాన్ని లోపలికి పోనివ్వడం ఆపేశారు. మరుసటి ఏడు చెదలకు మందు కలిపి, మనిషికి ఎక్కించినట్టే, ఆ మానుకు సెలైన్ సీసాలు కట్టారు.

ఆ ఫైలును నేను ఊరికే ఉండనిచ్చానా? నీడ ఎక్కువుందని వెలుగు పెంచి సేవ్ చేశాను. భూమి పంచాయితీలో మా నాయినకూ పెదనాయినకూ మాటల్లేని రోజుల్లో పెదనాయినను కత్తిరించి సేవ్ చేశాను. అప్పుడదో పెద్ద ఘనకార్యం అనుకున్నాను. తర్వాత ఓసారి రంగులు పెంచాను, ఇంకోసారి సైజు తగ్గించాను. అన్నీ అదే పేరు మీద.

2019లో నాయినమ్మ పోయింది. దశదినకర్మకు ఫ్లెక్సీ కావాలి, గోడకు ఫ్రేము కావాలి. షాపులో పిల్లగాడు స్క్రీన్ మీద ముఖం పెద్దది చేసి, "అన్నా, ముఖం నిండ గళ్లున్నయి, చూడు" అన్నాడు. కళ్ల కింద, చెంపల మీద చిన్న చిన్న చదరాలు. ముక్కుపుడక ఉండాల్సిన చోట ఓ బూడిదరంగు మరక. ఫ్లెక్సీకైతే దూరం నుంచి నడిచిపోతుంది, ఫ్రేముకు నడవదు.

ఆ గళ్లు జేపెగ్‌వే. అది బొమ్మను ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల గడులుగా కోసి, ఒక్కో గడిలో కంటికి పెద్దగా ఆనని సన్న వివరాలను పారేస్తుంది. కెమెరా ఒకసారి పారేస్తే మనకు తెలియదు. నేను అంచు కత్తిరించి సేవ్ చేసేసరికి గడులు కొత్తచోట పడ్డాయి, మళ్లీ కొంత పోయింది. ఇలా ఎన్నిసార్లో. ఫైలును వందసార్లు కాపీ చేయండి, చుక్క కూడా తగ్గదు. తెరిచి, మార్చి, సేవ్ చేస్తేనే తరుగు.

ఇంతలో వనపర్తి చిన్నమ్మ, "నువ్విచ్చిన సీడీ నా బీరువల ఉంది కదరా" అంది. పన్నెండేళ్లుగా చీరల కింద ఉందట. ఆమెకు కంప్యూటర్ రాదు కాబట్టి ఆ ఫోటో బతికింది! ఇక సీడీ డ్రైవ్ కోసం ఓ పూట తిరుగుడు. ల్యాప్‌టాప్‌లు పలచన చేయాలన్న యావలో ఆ డ్రైవే తీసేశారు, అడిగినవాడు లేడు. చివరికి ఓ జిరాక్స్ సెంటర్లో, మూలకు పడేసిన పాత సిస్టమ్‌లో తెరుచుకుంది. ముక్కుపుడక తళుక్కున మెరుస్తోంది. పక్కనే పెదనాయిన నవ్వుతున్నాడు. ఆ వేళకు ఆయన మా ఇంటి ముందు నిలబడి టెంటు వేయిస్తున్నాడు.

అప్పుడు నా దగ్గరున్న ఫైలును టిఫ్ చేసి ఉన్నా లాభం ఉండేది కాదు. పూర్తి సైజు ఐదు మెగాపిక్సెళ్ల ఫోటో టిఫ్‌లో పదిహేను ఎంబీలవుతుంది, పోయిన ముక్కుపుడక మాత్రం రాదు. పాత బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు స్కాన్ చేసేటప్పుడు టిఫ్ పెట్టుకోండి, అక్కడ అది పనికొస్తుంది. రా (RAW) ఫైళ్లుంటే, అంటే కెమెరా పట్టింది పట్టినట్టు దాచినవి ఉంటే, పారేయొద్దు, పక్కనే ఓ జేపెగ్ కూడా ఉంచండి. కంపెనీలు తమ రా ఫార్మాట్లను ఇష్టం వచ్చినట్టు మారుస్తుంటాయి, కెనాన్ 2018లో సీఆర్2 బదులు సీఆర్3 తెచ్చింది. ఐఫోన్ ఇచ్చే హెచ్‌ఈఐసీ అనే ఫోటో ఫార్మాట్ మా షాపుల్లో సగం చోట్ల తెరుచుకోదు, మా మేనకోడలు వచ్చినప్పుడల్లా ఇదే లొల్లి.

"ఫ్యామిలీ గ్రూపులో ఉంది కదా" అనేవాళ్లతో నేను వాదించడం మానేశాను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించే పంపిస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితేనే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

ఇప్పుడు ఆ ఫైలు మా ఇంట్లో ఒక డిస్కులో, చిన్నమ్మ దగ్గర పెన్‌డ్రైవ్‌లో, పెదనాయిన కొడుకు దగ్గర ఇంకో డిస్కులో ఉంది. రీడ్ ఓన్లీ టిక్కు పెట్టాను. పేరు: పిల్లలమర్రి_2007_ముట్టొద్దు.