జువాలజీ చదివి మనుషుల మీద పరిశోధన చేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి జువాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. పీహెచ్‌డీ చేసి పరిశోధనలోనే ఉంటానంటోంది. మాకు అభ్యంతరం లేదు. కానీ ఒక నెల కోతుల ప్రవర్తన అంటుంది, ఇంకో నెల అంటువ్యాధులు మనుషుల్లో ఎలా పాకుతాయో చూస్తానంటుంది. ఈమధ్య వలస వెళ్లిన కుటుంబాల మీద పనిచేస్తానంటోంది. సైన్స్ వదిలి సోషల్ సైన్సెస్‌కి వెళితే చదివిందంతా వృథా అవుతుందని వాళ్ల నాన్నకు టెన్షన్. అక్కడ జరిగేది ఫారాలు నింపడమే, అదసలు పరిశోధనే కాదని ఆయన నమ్మకం. నాకేమో పిల్లకు నిలకడ లేదేమోనని అనుమానం. తనకు ఏం చెప్పమంటారు?

జవాబు: ముందు మీ అనుమానం సంగతి చూద్దాం. మీ అమ్మాయికి నిలకడ లేదని నాకనిపించడం లేదు. కోతులు, జబ్బులు, వలసలు పైకి మూడు వేర్వేరు సబ్జెక్టులే. పనిగా చూస్తే మూడూ ఒకే కోవలోవి: ప్రాణమున్నవాళ్లని వాళ్లుండే చోటనే, చాలాకాలం పాటు, లెక్క తప్పకుండా గమనించడం. ఎవర్ని చూడాలన్నది తను మారుస్తోంది కానీ, ఎలా చూడాలన్నది మార్చడం లేదు. పీహెచ్‌డీలో ఐదారేళ్లు మనిషిని నిలబెట్టేది ఎక్కువగా ఆ రెండోదే.

కోతుల దగ్గరే మొదలుపెడదాం. జీన్ ఆల్ట్‌మన్ అనే శాస్త్రవేత్త డిగ్రీ చేసింది మ్యాథ్స్‌లో. పేరు తెచ్చుకున్నది కెన్యాలోని అంబోసెలిలో, బబూన్ కోతుల మీద. 1971లో మొదలైన ఆ పని దశాబ్దాలుగా సాగుతోంది. ఇలాంటి పనిలో ఒక చిక్కుంది. గుంపు ఎదురుగా నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటే కన్ను దానంతటదే పోట్లాటల మీదికి పోతుంది. రెండు మగ కోతులు కలబడితే పేజీలు నిండిపోతాయి. పక్కనే తల్లి ఒడిలో పడుకున్న పిల్ల గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. ఆ నోట్‌బుక్ చదివితే కోతుల బతుకంతా కొట్లాటేనేమో అనిపిస్తుంది. 1974లో ఆవిడ రాసిన పేపర్ దీనికి ఒక క్రమం నేర్పింది. ఏ జంతువును చూడాలో ముందే నిర్ణయించుకోవాలి, ఇన్ని నిమిషాలని పెట్టుకోవాలి, ఆ కాసేపూ అది ఏం చేస్తే అది రాయాలి. ఏమీ చేయకుండా కూర్చుంటే అదీ రాయాలి. పక్కన ఎంత గొడవైనా తల తిప్పకూడదు. చిన్నపిల్లల్ని గమనించే పరిశోధకులు కూడా ఇదే పద్ధతి వాడుతుంటారు.

అదే అంబోసెలి సమాచారం నుంచి 2003లో ఒక ఫలితం వచ్చింది. తోటి కోతులతో ఎక్కువ కలిసిమెలిసి ఉండే ఆడ బబూన్ల పిల్లలు బతికి బట్టకట్టే అవకాశం ఎక్కువని తేలింది. మరి ఇది జీవశాస్త్రమా, సమాజశాస్త్రమా? కోతుల పరిశోధన కొన్ని యూనివర్సిటీల్లో బయాలజీ కింద నడుస్తుంది, కొన్నిచోట్ల ఆంత్రోపాలజీ (మనుషుల్ని, వాళ్ల సమాజాల్ని అధ్యయనం చేసే శాస్త్రం) కింద. డిపార్ట్‌మెంట్ బోర్డు మీద పేరు చూసి అప్లై చేస్తే తనకు సరిపోయే చోట్లు చాలానే కంటబడకుండా పోతాయి.

ఇప్పుడు మీవారి మాటకొస్తాను. సోషల్ సైన్సెస్‌లో జరిగేది పరిశోధనే కాదని ఆయన అనుకోవడంలో వింతేమీ లేదు. పరిశోధన అనగానే అందరికీ తెల్లకోటు, గాజు గొట్టాలే గుర్తొస్తాయి. కానీ ఈ రెండు పనుల్ని పక్కపక్కన పెట్టి చూడమనండి.

పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి గాలపాగస్ దీవుల్లోని డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో ఫించ్ పిట్టల్ని వలలతో పట్టి, కాలికి గుర్తు రింగులు తొడిగి, ముక్కు కొలిచి వదిలేస్తూ వచ్చారు. 1977లో వానలు పడలేదు. మెత్తటి చిన్న గింజలు అయిపోయి, పల్లేరు జాతి మొక్కల గట్టి కాయలే మిగిలాయి. అక్కడి ఒక జాతి పిట్టల్లో ఎక్కువ భాగం చచ్చిపోయాయి. బతికినవాటి ముక్కు మందం, అంతకుముందు ఉన్న సగటు కన్నా దాదాపు అర మిల్లీమీటరు ఎక్కువ. ఆ గట్టి కాయల్ని పగలగొట్టగలిగినవే మిగిలాయన్నమాట. కరువును వాళ్లు తెప్పించలేదు. అది వచ్చేసరికి వాళ్ల చేతిలో పాత కొలతలు సిద్ధంగా ఉన్నాయంతే.

రెండోది ఆర్థికశాస్త్రంలోది. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ రెండుచోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ల నుంచి పెంపుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వివరాలు సేకరించారు. జీతం పెరిగితే ఉద్యోగాలు తగ్గుతాయని అంతవరకూ చాలామంది నమ్మకం. తగ్గినట్టు వాళ్లకు కనిపించలేదు. 1994లో ఆ పేపర్ రాగానే పెద్ద రభస జరిగింది. జీతాల రికార్డులు తెచ్చి కాదన్నవాళ్లున్నారు, వీళ్లు మళ్లీ లెక్కలు కట్టి జవాబు చెప్పారు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. క్రూగర్ అప్పటికే చనిపోయారు.

ఒకరు పిట్టల దగ్గర, ఇంకొకరు హోటళ్ల దగ్గర. ఇద్దరూ చేసింది మాత్రం ఒకటే: తమ చేతిలో లేని మార్పు వచ్చినప్పుడు, దానికి ముందూ తర్వాతా కొలిచి పోల్చడం. పద్ధతి చూస్తే గ్రాంట్ దంపతులు సొంత క్యాంపస్‌లో కణాలు పెంచే బయాలజిస్టుల కన్నా ఈ ఆర్థికవేత్తలకే దగ్గర.

ఇక సైన్స్ అనే ఒక్క మాట కింద ఎన్ని రకాల బతుకులున్నాయో చూడండి. ఆండ్రూ వైల్స్ అనే గణితవేత్త ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని నిరూపించడం కోసం దాదాపు ఏడేళ్లు ఇంట్లో ఒక్కడే గుట్టుగా పనిచేశాడు. యూరప్‌లోని సెర్న్ అనే భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని రెండు బృందాలు కలిసి 2015లో హిగ్స్ బోసాన్ అనే సూక్ష్మ కణం ద్రవ్యరాశి మీద ప్రచురించిన పేపర్‌కు ఐదు వేలకు పైగా రచయితలు. పేజీల్లో ఎక్కువ భాగం వాళ్ల పేర్లకే సరిపోయింది. ఒంటరిగా కూర్చోలేని పిల్లను మొదటి దాంట్లో, గుంపులో ఇమడలేని పిల్లను రెండో దాంట్లో వేస్తే, ఎంత తెలివైనదైనా రెండేళ్లకే విసిగిపోతుంది.

ఫారాలు నింపడం గురించి కూడా ఒకమాట. మీ అమ్మాయి వలసల మీదే పనిచేస్తే తన మొదటి తలనొప్పి ఫారంలోని ప్రశ్నే. 'ఇంటికి నెలకు ఎంత పంపుతారు?' అని అడిగితే మనిషి తను పంపాలనుకునే మొత్తం చెబుతాడు. 'పోయిన నెల ఎంత పంపారు, ఎప్పుడు పంపారు?' అని అడిగితే జ్ఞాపకంలోంచి వెతికి చెబుతాడు. రెండు అంకెలూ ఒకటి కావు. ఆపైన, కుటుంబం మొత్తం వెళ్లిపోయిన ఇంటికి తాళం ఉంటుంది. తలుపు తీసినవాళ్లనే అడుగుతూ పోతే లెక్కలోకి వచ్చేది ఎవరో ఒకరు వెనక ఉండిపోయిన కుటుంబాలే. ఈ రెండు తప్పులూ తప్పించుకోవడం నేర్చుకోవడానికే మంచి విద్యార్థికి ఏడాది పడుతుంది.

సోషల్ సైన్సెస్‌లో ఫలితాలు నిలబడవన్న మాట కూడా మీవారి చెవిన పడి ఉండొచ్చు. అందులో నిజం లేకపోలేదు. సైకాలజీలో 100 ప్రయోగాల్ని మళ్లీ చేసి చూసి 2015లో ఫలితాలు బయటపెట్టారు. మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే మొదటిసారిలాగా స్పష్టంగా నిలిచాయి. కానీ ల్యాబ్ వాళ్ల కథా గొప్పగా లేదు. క్యాన్సర్ బయాలజీలో 53 పేపర్లలోని 193 ప్రయోగాల్ని మళ్లీ చేద్దామని ఒక ప్రాజెక్టు మొదలైంది. పేపర్లలో పూర్తి వివరాలు లేక, కావాల్సిన పదార్థాలు, సమాచారం అందక, 2021లో ముగిసేసరికి 50 ప్రయోగాలే చేయగలిగారు. కాబట్టి ఈ విషయంలో ఒకరు ఇంకొకర్ని వేలెత్తి చూపే పరిస్థితి లేదు.

నిజంగా తేడా ఉన్నచోటు వేరే. మనుషుల్ని అడగాలంటే వాళ్ల ఒప్పుకోలు కావాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, చెప్పినవాళ్ల పేర్లు దాచాలి. మధ్యలో వద్దంటే వదిలేయాలి. ఇంకో సంగతి, మీరు రాసింది వాళ్లు చదువుతారు, కాదంటారు. బబూన్‌కు ఆ అవకాశం లేదు. మీ అమ్మాయి ఈ తేడాను బరువుగా చూస్తోందా, ఆసక్తిగా చూస్తోందా అన్నది కనుక్కోండి. నాకు తెలిసి తన నిర్ణయానికి ఇది చాలా ముఖ్యం.

అంటువ్యాధుల దగ్గరైతే రెండు దారులూ ఎలాగూ కలిసిపోతాయి. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా ప్రబలినప్పుడు శవాన్ని తాకడం, కడగడం వల్ల జబ్బు పాకుతోందని బయాలజీ చెప్పింది. కానీ రక్షణ సూట్లు వేసుకున్న బృందాలు వచ్చి శవాల్ని పట్టుకుపోతుంటే జనం భయపడి చావుల్ని దాచడం మొదలుపెట్టారు. ఆంత్రోపాలజిస్టులు, మత పెద్దలు కలిసి కూర్చున్నాకే కుటుంబం దగ్గరుండి ప్రార్థన చేసుకునేలా, ఎవరూ తాకకుండా అంత్యక్రియలు జరిపే పద్ధతి రూపొందింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 2014 నవంబరులో విడుదల చేసింది. వైరస్ తెలిసి, ఇంటివాళ్లతో మాట్లాడటమూ తెలిసినవాళ్లకు ఇలాంటిచోట చాలా విలువ. జువాలజీ వృథా అవుతుందన్న భయం వదిలేయమని మీవారికి చెప్పండి.

చేరేముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ల్యాబ్ ఆధారంగా నడిచే సబ్జెక్టుల్లో విద్యార్థి సాధారణంగా గైడ్ తెచ్చిన ప్రాజెక్టులో ఒక ముక్క తీసుకుంటారు. నిధులు, పరికరాలు, తోటివాళ్లు ముందే ఉంటారు, ప్రశ్న మాత్రం మొదట్లో సొంతం కాదు. ఆంత్రోపాలజీ, సోషియాలజీ లాంటివాటిలో ప్రశ్న ఎక్కువగా విద్యార్థే తెచ్చుకోవాలి. స్వేచ్ఛ ఎక్కువ, ఒంటరితనమూ ఎక్కువే. పేపర్ల మీద పేర్ల వరుస కూడా ఒకేలా ఉండదు. బయాలజీలో ముందున్న పేరు పని ఎక్కువ చేసినవాళ్లది, చివరిది సాధారణంగా ల్యాబ్ పెద్దది. మ్యాథ్స్‌లో, ఆర్థికశాస్త్రంలో చాలావరకు అక్షర క్రమమే. గైడ్ దగ్గర విద్యార్థులకు ఎంత గుర్తింపు దొరుకుతుందో చూసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోమనండి.

ఉద్యోగాల మాటకొస్తే, యూనివర్సిటీ పోస్టులు పీహెచ్‌డీ చేసేవాళ్లందరికీ చాలవు. ఇది రెండువైపులా ఉన్న సంగతే, దాచి లాభం లేదు. బయట పని దొరికేది డిగ్రీ పేరును బట్టి కన్నా చేతిలో ఉన్న పనిని బట్టి. అందుకే దారి ఏదైనా తను ఇప్పుడే స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోవాలి. దాంతోపాటు ఆర్ (R) గానీ పైథాన్ గానీ, ఈ ప్రోగ్రామింగ్ భాషల్లో ఏదో ఒకటి చేతికి అలవాటు కావాలి. లెక్కలంటే భయపడి సోషల్ సైన్సెస్ వైపు చూస్తుంటే మాత్రం ఆ ఆశ వదులుకోమనండి.

ఇక తను చేయాల్సింది. మూడు ఆసక్తుల్లోనూ తనకు నచ్చిన పేపర్ ఒక్కోటి తీసుకుని, ముందు ఫలితాలు కాకుండా పద్ధతులు రాసిన భాగం చదవాలి. రోజూ చేయాల్సిన పనంతా అక్కడే ఉంటుంది. అది చదువుతూ 'ఇది నేనైతే ఇంకోలా చేసేదాన్ని' అని ఏ పేపర్ దగ్గర అనిపిస్తే దాన్ని పక్కన పెట్టుకోవాలి. తర్వాత ఆ రకం పని చేస్తున్న పీహెచ్‌డీ విద్యార్థులు ఇద్దరు ముగ్గురితో మాట్లాడాలి. ప్రొఫెసర్లను అడిగితే సబ్జెక్టు గొప్పతనం చెబుతారు. విద్యార్థుల్ని 'నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?' అని అడగాలి. 'ఎండలో కోతుల వెనక తిరిగాను, సాయంత్రం నోట్స్ కంప్యూటర్లో ఎక్కించాను, మళ్లీ రేపూ అదే' అంటే, అది విని తన మొహంలో ఉత్సాహం ఉందా, నీరసం ఉందా అన్నది మీకూ తెలిసిపోతుంది.

డిగ్రీ పూర్తయ్యాక సెలవుల్లో రెండు మూడు నెలలు ఒక బృందంతో పనిచేసే వీలు అడగడం ఆ తర్వాతి మెట్టు. ప్రొఫెసర్‌కు రాసే మెయిల్ ఒక పేరా చాలు: వాళ్ల పేపర్లో తను చదివిన పద్ధతి ఏది, అందులో తనకొచ్చిన ఒక సందేహం, తను ఏ పని చేయగలదు, ఏ తేదీల నుంచి ఖాళీ. మీ పరిశోధన అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం లాంటి మాటలు వద్దు. అందరికీ ఒకే మెయిల్ పంపితే ఇట్టే తెలిసిపోతుంది, కాబట్టి ఎవరికి వాళ్లకు విడిగా రాయాలి. రెండు వారాలైనా జవాబు రాకపోతే ఇంకోసారి రాసినా ఎవరూ తప్పు పట్టరు.