కొల్లేరు పాత కాగితాలు చదువుతానంటోంది మా అమ్మాయి, అన్నం పెడతాయా?

కైకలూరు వైపు నుంచి ఒక అమ్మ రాశారు. ఉత్తరం పెద్దది, నేను కుదించి చెప్తున్నా. వాళ్ళమ్మాయి బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) ఫైనలియర్. కాలేజీలో కొల్లేరు మీద ప్రాజెక్ట్ ఇచ్చారు, ఆ వంకతో అటక మీదున్న తాతగారి ట్రంకుపెట్టె దించింది. తాతగారు చేపల సొసైటీలో లెక్కలు రాసేవారట. పెట్టెలో 1970ల నాటి రసీదులు, మినిట్స్ పుస్తకాలు, చేత్తో గీసిన చెరువుల ప్లాన్లు. అప్పట్నుంచీ పిల్లకి తిండీ నిద్రా లేదు, ఆర్కైవ్స్ (అంటే పాత రికార్డులు భద్రపరిచే పని) కోర్సు చేస్తా, పర్యావరణ చరిత్ర మీద పనిచేస్తా అంటోంది. వాళ్ళ నాన్నగారేమో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. పాత కాగితాలు అన్నం పెడతాయా సార్, ఇంకోటి, అవి పాడవకుండా లామినేషన్ చేయించేద్దామా అని అడిగారు.

అమ్మా, ముందు మీవారి పక్షాన మాట్లాడతా, ఎందుకంటే ఆయన భయంలో తప్పేం లేదు. ఆర్కైవిస్ట్ అని బోర్డు పెట్టి పిలిచే పర్మనెంట్ గవర్నమెంటు పోస్టులు మన దగ్గర చాలా తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలీదు. బయట దొరికేవి చాలావరకు ప్రాజెక్టు పనులు, అంటే ఏడాదికో రెండేళ్ళకో కాంట్రాక్టు, స్కానింగు, కేటలాగింగు, అది అయ్యాక మళ్ళీ వెతుక్కోవడం. టీచరు ఉద్యోగంలో ఉన్న నిమ్మళం ఇందులో ఉండదు. ఇది ముందే ఒప్పేసుకుని మాట్లాడుకుంటే మంచిది, లేకపోతే రెండేళ్ళ తర్వాత ఇంట్లో గొడవ.

కానీ మీ అమ్మాయి దగ్గర ఒకటుంది, ఢిల్లీలో పెద్ద యూనివర్సిటీలో చదివొచ్చిన వాళ్ళ దగ్గర కూడా ఉండదు. అదేంటో చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి.

ఈ పనిలో అసలు చిక్కేంటంటే, పాత రికార్డుల్లో "పర్యావరణం" అనే మాటే ఉండదు. ఆ పేరుతో వెతికితే ఒక్క ఫైలూ దొరకదు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో కొల్లేరు గురించి ఏదైనా రాశారంటే అది రెవెన్యూ వాళ్ళ ఫైల్లోనో, కాలవలూ డ్రెయిన్లూ చూసే పీడబ్ల్యూడీ ఫైల్లోనో, చేపల వేలంపాటల లెక్కల్లోనో ఉంటుంది. పైగా కొల్లేరు అని ఉండదు, "కొలైర్" అని ఉంటుంది. ఏలూరు "ఎల్లోర్", కృష్ణా "కిస్ట్నా", బందరు "మసూలిపటం". బుడమేరు, తమ్మిలేరు, ఉప్పుటేరు స్పెల్లింగులైతే ఏ దొర చెవికి ఎలా వినపడితే అలా. ఇప్పుడు చెప్పండి, ఏ నీళ్ళు ఏ వైపు నుంచి వచ్చి కొల్లేట్లో పడతాయో, ఉప్పుటేరు పూడిపోతే ఏ ఊళ్ళు మునుగుతాయో చిన్నప్పట్నుంచీ చూసిన పిల్ల ఆ ఫైలు తెరిస్తే అర్థం చేసుకోవడానికీ, మ్యాపులో తప్ప కొల్లేరు చూడని స్కాలర్ అర్థం చేసుకోవడానికీ ఎంత తేడా ఉంటుందో.

పల్నాడు సంగతే చూడండి. కన్నెగంటి హనుమంతు పేరు మీకు తెలిసే ఉంటుంది, 1922లో పుల్లరి కట్టేది లేదని ఎదురు తిరిగితే పోలీసులు కాల్చి చంపారు. పుల్లరంటే అడివిలో పశువుల్ని మేపుకున్నందుకు కట్టే పన్ను. మనం దాన్ని స్వాతంత్ర్య పోరాటం పాఠంలో చదువుకున్నాం, నిజానికి అది అడివి ఎవరిది, గడ్డి ఎవరిది అనే తగువు కూడా. దాన్ని కాగితాల్లో పట్టుకోవాలంటే ఫారెస్టు ఫైళ్ళు ఒక్కటే చాలవు, రెవెన్యూ చూడాలి, పోలీసు రిపోర్టులు చూడాలి, అప్పటి తెలుగు పత్రికలు చూడాలి, వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత లైబ్రరీల్లో అలాంటి పత్రికలు దాచిపెట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం ఫైళ్ళు చాలావరకు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనే ఉండిపోయాయి. అంటే కోస్తా చరిత్ర చూడాలంటే రాత్రి రైలెక్కాల్సిందే, నేను చాలాసార్లు ఎక్కాను.

ఇంకో ముచ్చట, ఇది మీ అమ్మాయికి బాగా నచ్చుతుంది, బీజెడ్‌సీ కదా. కడప అడవుల్లో కలివికోడి అని ఒక పిట్ట ఉండేది, 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, ఇక అంతరించిపోయిందనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళకి మళ్ళీ దొరికింది, అదీ స్థానికంగా పిట్టలు పట్టే ఒకాయన సాయంతో. తర్వాత దాని కోసం తెలుగుగంగ కాలవ దారి కూడా మార్చారు. అయితే అన్నేళ్ళూ దాని గుడ్డు ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. చివరికి గుడ్డు ఎక్కడ బయటపడిందంటే స్కాట్లాండులో, అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో! కోలారు బంగారు గనుల దగ్గర పనిచేసిన ఒక పశువుల డాక్టరు 1917లో సేకరించిన గుడ్డు అది, దాదాపు వందేళ్ళు పెట్టెలో పడి ఉంది. డీఎన్ఏ చేసి నిర్ధారణ చేసుకున్నది 2013 ప్రాంతంలో. ఎవరో ఒకరు శ్రద్ధగా పాత పెట్టె తెరిచి చీటీ చదివారు కాబట్టి తెలిసింది, లేకపోతే ఇంకో వందేళ్ళు అలాగే ఉండేది.

మీ పక్కనే ఇంకోటి ఉంది. పశ్చిమ గోదావరిలో ఆరేడు అనే ఊళ్ళో గూడబాతులు, అదే పెలికాన్లు, గుంపులుగా గూళ్ళు పెట్టడం గురించి కె.కె. నీలకంఠన్ అనే ఆయన 1949లో ఆ బాంబే సొసైటీ జర్నల్లోనే రాశారు. ఆయన మలయాళీ, పిట్టల మీద మలయాళంలో బాగా పేరున్న రచయిత. ఆ జర్నల్ 1886 నుంచి వస్తోంది, పాత సంచికలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైట్లో ఫ్రీగా చదువుకోవచ్చు. సలీం అలీ 1931-32లో హైదరాబాద్ సంస్థానం అంతా తిరిగి చేసిన పక్షుల సర్వే కూడా అందులోనే అచ్చయింది. అప్పుడు ఆరేడులో ఏముంది, ఇప్పుడు కొల్లేటి ఆటపాక పక్షుల కేంద్రంలో ఏముంది అని పోల్చాలంటే ఆ కాగితమే ఆధారం కదా.

సరే, డబ్బు సంగతి. ఈ పాత కాగితాలు ఎవరికి కావాలి? ఇంతకుముందు ప్రొఫెసర్లకే అనుకునేవాళ్ళం, ఇప్పుడలా లేదు. కొల్లేరునే తీసుకోండి, 1999లో ప్లస్ ఫైవ్ కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2006లో అందులోని చేపల చెరువులు కొట్టేశారు, ఆ గొడవ మీకు నేను చెప్పక్కర్లేదు, మీ ఇంట్లోనే చూసుంటారు. ఆ తగువంతా దేని మీద? ఎవరి దగ్గర ఏ కాగితం ఉంది, ఏ సంవత్సరం మ్యాపులో గట్టు ఎక్కడుంది అనేదాని మీద. హైదరాబాదులో అయితే 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ల చుట్టూ 84 ఊళ్ళలో కట్టడాలకి హద్దులు పెడుతూ 1996లో 111 జీవో ఇచ్చారు, ఆ జీవో మీద ఎన్నేళ్ళు కొట్టుకున్నారో. ఇప్పుడు ఏ చెరువు దగ్గరికెళ్ళినా ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్ళు వచ్చే హద్దు) ఎక్కడిదాకా అనే మాటే. గ్రీన్ ట్రైబ్యునల్‌కి వెళ్ళే లాయర్లకి, చెరువుల మీద పనిచేసే ఎన్జీవోలకి, రీసెర్చి సంస్థలకి పాత గ్రామ నక్ష (ఊరి మ్యాపు), సేత్వార్, ఆర్‌ఎస్‌ఆర్, అడంగల్ లాంటి పాత భూమి రికార్డులు వెతికి చదివి పెట్టే మనిషి కావాలి. అలాంటి మనిషి దొరకడం చాలా కష్టంగా ఉంది, ఇది నేను కళ్ళారా చూస్తున్నదే. జీతం మొదట్లో గొప్పగా ఉండదు, చేతిలో పనితనం ఉంటే పని మాత్రం వెతుక్కుంటూ వస్తుంది.

ఇక చదువు. సైన్సు డిగ్రీ వేస్టయిపోతుందేమో అని బెంగ వద్దు, మొక్కల శాస్త్రీయ నామాలు చదవగలిగిన ఆర్కైవిస్టులు ఎంతమంది ఉన్నారని! రెండు దారులున్నాయి. ఒకటి లైబ్రరీ సైన్సు, ముందు ఏడాది బీఎల్ఐఎస్సీ తర్వాత ఎంఎల్ఐఎస్సీ, ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా రెండిట్లోనూ ఉంది, ఇగ్నోలో దూరవిద్యలో కూడా చేయొచ్చు. రెండోది ఎంఏ హిస్టరీ చేసి, ఆ తర్వాత ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో ఏడాది డిప్లొమా. అక్కడ కాగితాల సంరక్షణ మీద షార్ట్ టర్మ్ కోర్సులూ ఉంటాయి. నన్నడిగితే మొదటి దారే పట్టమంటా, ఎందుకంటే ఆర్కైవ్స్‌లో ఖాళీ లేకపోయినా కాలేజీ లైబ్రేరియన్ పోస్టులకి అప్లై చేసుకోవచ్చు, మీవారికీ కాస్త ధైర్యం. బీఈడీని నేను కొట్టిపారేయను, అమ్మాయికి పాఠం చెప్పడం ఇష్టమైతే చేయనివ్వండి, ఇష్టం లేకుండా మాత్రం వద్దు, పిల్లలకీ నష్టమే.

ఇంటర్న్‌షిప్‌కి బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో ఆర్కైవ్స్ ఉంది, 2019లో తెరిచారు, సైన్సు చరిత్ర కాగితాలే దాచేది, సైన్సు నుంచి వచ్చిన పిల్లలకి సరిగ్గా సరిపోయే చోటు.

భాషల దగ్గర ఒక మాట. ఇంగ్లీషు చేతిరాత చదవడం సాధన చేయమనండి, పాత గుమస్తాల రాత మొదటి వారం ఏడిపిస్తుంది తర్వాత అలవాటైపోతుంది. తెలంగాణ వైపు పనిచేయాలనుంటే ఉర్దూ రాక తప్పదు, తార్నాకలో ఉన్న స్టేట్ ఆర్కైవ్స్‌లో నిజాం కాలం కాగితాలు ఎక్కువగా పారశీకం, ఉర్దూల్లోనే ఉంటాయి, తారీఖులు ఫసలీలో, అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం సుమారుగా వస్తుంది, 1318 ఫసలీ అంటే 1908-09 అన్నమాట. ఇలాంటి చిన్న చిన్నవే రోజువారీ పని, సినిమాల్లో చూపించినట్టు నిధుల మ్యాపులేం దొరకవు.

డబ్బు కట్టే ముందు మూడు నెలలు ఒక పరీక్ష పెట్టండి. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ పోర్టల్లో అకౌంట్ తెరిచి కొలైర్ అని, ఎల్లోర్ అని రకరకాల స్పెల్లింగులతో వెతకమనండి, దొరికిన ప్రతిదానికీ ఏ శాఖ, ఏ సంవత్సరం, దేని గురించి అని నోటుబుక్కులో రెండు లైన్లు. ఇంట్లో ఉన్న పెట్టెకి కూడా అలాగే ఒక జాబితా తయారు చేయమనండి. మూడు నెలల తర్వాత కూడా విసుగు పుట్టకపోతే ఆ పిల్లకి ఈ పని పడుతుంది. నెలకే విసుగొస్తే అది కొల్లేరు మీద ప్రేమ, కాగితాల మీద కాదు, అప్పుడు ఎమ్మెస్సీ వైపు చూడొచ్చు, అదీ తప్పు కాదు.

ఇక లామినేషన్. వద్దమ్మా, దయచేసి వద్దు! ఆ వేడికీ జిగురుకీ కాగితం లోపల్లోపలే పాడవుతుంది, మళ్ళీ విప్పడానికి ఉండదు. సెల్లో టేపు కూడా వద్దు. తుప్పుపట్టిన గుండుసూదులు నెమ్మదిగా తీసేయండి, తడి తగలని చోట, గోడకి ఆనకుండా, నేల మీద కాకుండా పెట్టండి, కొల్లేటి గాలికి చెమ్మ ఎక్కువ కదా, వానాకాలం మరీ జాగ్రత్త. గుర్తు రాయాల్సొస్తే మెత్తటి పెన్సిల్‌తో వెనకవైపు మూల మీద రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఏ కట్టలో ఏ కాగితం తర్వాత ఏది ఉందో ఆ వరస కదపకండి, అందంగా తారీఖుల వారీగా సర్దేద్దామని అనిపిస్తుంది, సర్దొద్దు. తాతగారు ఆ రసీదుని ఆ ప్లాను పక్కనే ఎందుకు పెట్టారో దానికీ ఒక కారణం ఉంటుంది. చాలా ఏళ్ళ కిందట ఒక ఆఫీసు రికార్డు రూముకి ఒక చెరువు నక్ష కోసం వెళ్తే "అవన్నీ పనికిరానివని పోయినేడే తూకానికి వేసేశాం సార్" అన్నారు, ఆ రోజు ఆ ఊరి బస్టాండులో కూర్చుని ఎంతసేపు ఆలోచించానో నాకే తెలుసు. మీ ఇంట్లో పెట్టె ఇంకా అటక దిగి ఇంట్లోనే ఉంది. ముందు మినిట్స్ పుస్తకాలన్నీ పేజీ పేజీ ఫోనుతో పగటి వెలుతుర్లో, ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీయించండి, రెండు చోట్ల కాపీ పెట్టించండి.