యూనివర్సిటీ అమ్మకానికి ఉందట, కొనొచ్చా?

ప్రశ్న: అమెరికాలో పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే ఒక చిన్న యూనివర్సిటీని ముగ్గురు స్నేహితులం కలిసి కొందామనుకుంటున్నాం. అది ప్రైవేటు కంపెనీ, అక్రెడిటేషన్ (చదువు ప్రమాణాలకు ఇచ్చే గుర్తింపు) ఉంది. విద్యార్థులు 180 మంది. ఏడాదికి 9 లక్షల డాలర్ల ఫీజులు వస్తున్నాయని, 1.6 లక్షలు మిగులుతున్నాయని చెప్పారు. 12 లక్షలు అడుగుతున్నారు. అసలు యజమాని ఎవరో ఎలా తేల్చుకోవాలి? ఆ ధర సబబేనా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే కంపెనీ ఎప్పుడు పెట్టారు, ఇంకా చెల్లుబాటులో ఉందా, రిజిస్టర్డ్ ఏజెంట్ ఎవరు అన్నవి వస్తాయి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆ ఏజెంట్ నోటీసులు అందుకునే మనిషే తప్ప యజమాని కాడు. వాటాదారుల పేర్లు చాలా రాష్ట్రాల్లో అక్కడ కనిపించవు.

అందుకని మూడు కాగితాలు అడిగి పక్కపక్కన పెట్టుకోండి. ఒకటి షేర్ల రిజిస్టరు, ఎల్‌ఎల్‌సీ (షేర్లు లేని పరిమిత బాధ్యత కంపెనీ) అయితే భాగస్వాముల మధ్య ఉండే ఆపరేటింగ్ అగ్రిమెంటు. రెండోది ఆదాయపన్ను రిటర్ను, దాంతోపాటు వాటాదారులకు కే-1 ఫారాలు (ఎవరి వాటా ఎంతో చూపే పన్ను కాగితాలు) ఇచ్చి ఉంటే అవి కూడా. మూడోది అక్రెడిటేషన్ సంస్థకు ఇచ్చిన చివరి దరఖాస్తులో యజమానుల వివరాలున్న పేజీ. మూడింటిలో శాతాలు ఒకటే ఉండాలి. ఒకచోట 100, ఇంకోచోట 70 ఉందంటే, లెక్క తేలకుండా బయటికెళ్ళిన పాత భాగస్వామి ఎవరో ఉన్నట్టే. సంతకాలయ్యాక ఆయన లాయరు నోటీసు వచ్చేది మీకే. అప్పుల కోసం అదే రాష్ట్ర కార్యాలయంలో యూసీసీ రికార్డులు (కంపెనీ ఆస్తులు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పుల నమోదు) వెతికించండి. పాఠాల హక్కులూ చూడాలి. కాంట్రాక్టు మీద పనిచేసే అధ్యాపకులు రాసిన కోర్సులకు హక్కుల బదిలీ పత్రం లేకపోతే, ఆ పాఠాలు కంపెనీవి కాకపోవచ్చు.

ఇక ధర. 180 మంది అన్నది ముందు నమ్మకండి. రోల్ నంబర్లలోంచి ఓ 30 మీరే ఏరుకుని, ఒక్కొక్కరికీ అడ్మిషన్ ఫైలు, ఫీజు ఖాతా, బ్యాంకులో పడిన డబ్బు, పాఠాల సాఫ్ట్‌వేర్‌లో చివరిసారి లాగిన్ అయిన తేదీ చూడండి. ఆరు నెలలుగా లాగిన్ కానివాళ్ళను కూడా విద్యార్థుల కింద లెక్కేసి చూపించడం మామూలే.

లాభం 1.6 లక్షలన్నారు. ప్రెసిడెంటు, రిజిస్ట్రారు పనులు యజమాని దంపతులే జీతం తీసుకోకుండా చేస్తున్నారేమో అడగండి. ఆ రెండు కుర్చీల్లో జీతగాళ్ళను కూర్చోబెడితే, తక్కువలో తక్కువ 1.1 లక్షలనుకున్నా, మిగిలేది 50 వేలు. చిన్న వ్యాపారాలకు ఏడాది లాభాన్ని ఇన్ని రెట్లు అని ధర కడతారు. దాన్ని నాలుగు రెట్లు చేసినా 2 లక్షలు. బ్యాంకులో 3.2 లక్షలు ఉన్నాయని చూపిస్తారు అనుకుందాం. అందులో ఇంకా చెప్పని పాఠాలకు ముందే కట్టించుకున్న ఫీజు 2.1 లక్షలుంటే అది ఆస్తి కాదు, విద్యార్థులకు బాకీ. నిజంగా చేతిలో ఉన్నది 1.1 లక్షలు. మొత్తం 3.1 లక్షలు. అడుగుతున్న 12కీ దీనికీ మధ్య ఉన్న తేడా అంతా అక్రెడిటేషన్ పేరు మీద వేసిన ధరే.

ఆ అక్రెడిటేషన్ మాత్రం ఇంటి తాళంచెవిలా చేతులు మారదు. యాజమాన్యం మారుతున్నట్టు అక్రెడిటేషన్ ఇచ్చిన సంస్థకు ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. మారాక ఆరు నెలల్లోపు తనిఖీ బృందం వస్తుంది. విద్యార్థులు ఫెడరల్ రుణాలు వాడుకుంటుంటే విద్యాశాఖకు కనీసం 90 రోజుల ముందు నోటీసివ్వాలి, చేతులు మారిన 10 పనిదినాల్లో పూర్తి దరఖాస్తు పంపాలి. అది తప్పితే రుణాల డబ్బు ఆగుతుంది. మీ ముగ్గురికీ తలో మూడోవంతు కాబట్టి ముగ్గురి వివరాలూ అడుగుతారు. వెనక మూతపడిన కాలేజీ తాలూకు ఫెడరల్ బాకీ ఎవరి మీదైనా ఉంటే అక్కడే పని చెడుతుంది.

షేర్లు కాకుండా ఆస్తులు మాత్రమే కొంటే పాత బాకీలు తప్పుతాయనే మాట వినిపిస్తుంది. చాలావరకు నిజమే, కానీ అలా కొన్నచోట అక్రెడిటేషన్ దానంతటదే వెంట రాదు. షేర్లే కొంటే రీఫండ్ల గొడవలు, పాత కేసులు కూడా కొన్నట్టే. కాబట్టి డబ్బు ఎస్క్రోలో (మధ్యవర్తి దగ్గరుండే ఖాతాలో) పెట్టి, అనుమతి లేఖ వచ్చాకే విడుదలయ్యేలా రాయించండి. పావు వంతు ఇంకో 18 నెలలు ఆపి ఉంచండి. అక్రెడిటేషన్‌కు కొంత కలిపినా, మా లెక్కలో ఇది 4 లక్షలు దాటే బేరం కాదు.

ప్రశ్న: నాన్-ప్రాఫిట్ యూనివర్సిటీ ఒకటి అమ్ముతామంటున్నారు. అది కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: దానికి యజమాని ఉండడు, షేర్లుండవు. మారేది బోర్డు సభ్యులు మాత్రమే. ‘బోర్డులో చోటుకి ఇంత’ అని సొంత జేబులో వేసుకోవడం పన్ను చట్టం దగ్గర నేరుగా చిక్కే. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు నాన్-ప్రాఫిట్‌లు ఏటా ఇచ్చే 990 ఫారం బహిరంగమే. జీతాలు, బంధువులకిచ్చిన కాంట్రాక్టులు అందులో కనిపిస్తాయి. ఇంకో సంగతి: వేల మంది విద్యార్థులున్న కప్లాన్ యూనివర్సిటీని ప్రభుత్వ యూనివర్సిటీ పర్డ్యూ 2017లో ఒక్క డాలరుకు తీసుకుంటున్నట్టు ప్రకటించింది. కప్లాన్ మాతృసంస్థ సంపాదన ఆ తర్వాతి సేవల ఒప్పందంలో ఉంది. కాబట్టి ధర కంటే ముందు, నిర్వహణ ఒప్పందం ఎవరితో, ఎన్నేళ్ళు, ఫీజులో ఎంత శాతం అన్నది చదవండి.

ప్రశ్న: ఒక ఆన్‌లైన్ యూనివర్సిటీకి ‘డాట్ ఈడీయూ’ అడ్రసు ఉంది, ఐ-20 (విద్యార్థి వీసాకు కావలసిన పత్రం) కూడా ఇస్తామంటున్నారు. మా అబ్బాయిని చేర్చవచ్చా?
– గుంటూరు నుంచి

జవాబు: డాట్ ఈడీయూ ఒక్కటే చాలదు. 2001 అక్టోబరుకు ముందు తీసుకున్న పేర్లు అక్రెడిటేషన్ లేకపోయినా కొనసాగుతున్నాయి. అక్రెడిటేషన్ ఉన్న కాలేజీల జాబితా అయిన అమెరికా విద్యాశాఖ డాపిప్ డేటాబేసులో పేరు చూడండి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీదున్నవారి పూర్తికాల చదువు లెక్కలోకి టర్ముకు ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే 3 క్రెడిట్లే వస్తాయి. పూర్తిగా ఆన్‌లైన్ చదువుకు ఐ-20 ఇస్తామన్నారంటే అక్కడే ఆగండి. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద 2011 జనవరిలో వీసా మోసం కేసులో ఫెడరల్ అధికారుల దాడులు జరిగినప్పుడు చిక్కుకున్నవాళ్ళలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. కొందరి కాళ్ళకు నిఘా పట్టీలు కట్టారు. వ్యవస్థాపకురాలికి 2014లో 16 ఏళ్ళకు పైగా శిక్ష పడింది.