కేదార్‌కంఠ చలికి స్లీపింగ్ బ్యాగ్ ఎంచుకోబోతున్న మా చెల్లెలి కొడుకుకి

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నాయనా, నీ ఉత్తరం అందింది. డిసెంబరు చివరి వారంలో స్నేహితులతో కలిసి, టెంటూ వంటసామానూ మీ వీపుల మీదే మోసుకుంటూ ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని కేదార్‌కంఠకు వెళ్ళాలనుకుంటున్నారనీ, స్లీపింగ్ బ్యాగ్ మాత్రం సియాటిల్‌లో ఉన్న మీ అక్క నవంబరులో వచ్చేటప్పుడు తెప్పించుకుంటాననీ రాశావు. అటవీశాఖ అనుమతి, స్థానిక గైడు సంగతులు మీరు వేరుగా చూసుకోండి, వాటిలో నేను తలదూర్చను. బ్యాగ్ బరువు తక్కువగా ఉండాలి, లోపల కదలడానికి చోటుండాలి, మంచులో చలి ఆగాలి అని నువ్వు కోరిన మూడూ ఒకే సంచిలో దొరుకుతాయి కానీ, ధర మాత్రం కాస్త గుండె రాయి చేసుకుని చూడవలసినంత ఉంటుంది. సముద్రం దాటి వచ్చే వస్తువును సరిపోలేదని తిప్పి పంపడం అయ్యే పని కాదు కాబట్టి, ఆర్డరు పెట్టకముందే కొలతలన్నీ తేల్చుకోవాలి.

ముందుగా చలి ఎంతో లెక్క వేద్దాం. కేదార్‌కంఠ శిఖరం ఎత్తు 3,810 మీటర్లు. మీరు నడక మొదలుపెట్టే సాంక్రి గ్రామం దాదాపు 1,950 మీటర్ల దగ్గర ఉంటుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కాబట్టి సాంక్రిలో రాత్రి సున్నా ఉన్న రోజున, శిఖరానికి కింద 3,400 మీటర్ల ప్రాంతంలో వేసే ఆఖరి మకాంలో మైనస్ తొమ్మిదో పదో ఉంటుందని అనుకోవాలి. ఆకాశం మబ్బు లేకుండా ఉన్న రాత్రుల్లో మంచు మీద ఇంకా దిగవచ్చు. అందుచేత నీకు మైనస్ 10 డిగ్రీల్లో సుఖంగా నిద్ర పట్టించే బ్యాగ్ కావాలి. 'సుఖంగా' అన్న మాటను ఊరికే వాడలేదు. ఆ బ్యాగుల చీటీ మీద ఉండే అంకెల్లో ఒకదాని పేరే 'కంఫర్ట్'.

ఇప్పుడు మంచి తయారీదారుల్లో చాలామంది ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్ష చేయించి అంకెలు ఇస్తున్నారు. పొడవాటి లోదుస్తులు తొడిగిన, వేడి పుట్టించే బొమ్మను బ్యాగులో పడుకోబెట్టి, కింద మ్యాట్ వేసి, చల్లని గదిలో కొలుస్తారు. అందులో 'కంఫర్ట్' అంకె సాధారణ దేహం గల స్త్రీ వదులుగా పడుకుని వణకకుండా ఉండగలిగే ఉష్ణోగ్రత. 'లిమిట్' అంకె సాధారణ దేహం గల పురుషుడు ముడుచుకుని పడుకుని సర్దుకోగలిగేది. మూడోదైన 'ఎక్స్‌ట్రీమ్' ప్రాణం నిలుస్తుందా లేదా అన్న ప్రశ్నకు సంబంధించినది కాబట్టి, కొనేటప్పుడు దాన్ని చూడనే కూడదు. పురుషుడివి గనుక లిమిట్ చాలని అంగడివాడు అంటే వినవద్దు. రోజంతా మంచులో బరువు మోసి, ఎత్తు వల్ల ఆకలి మందగించి, సరిగా తినకుండా పడుకునే మనిషి ప్రయోగశాల మనిషి కాడు. పైగా నువ్వు విజయవాడ ఎండల్లో పెరిగినవాడివి. కంఫర్ట్ అంకెనే నీ అంకెగా పెట్టుకో.

మీ అక్క అమెరికాలో కొంటుంది కాబట్టి మరో చిక్కు ఉంది. అక్కడ బ్యాగు పేరులోనే ఉండే అంకె ఫారన్‌హీట్‌లో ఉంటుంది, అది చాలాసార్లు లిమిట్ అంకె మాత్రమే. '20 డిగ్రీల బ్యాగ్' అంటే మైనస్ 7 సెల్సియస్ లిమిట్, దాని కంఫర్ట్ మైనస్ ఒకటి దగ్గర తేలుతుంది. లంబసింగి చలికి అది బాగుంటుంది, కేదార్‌కంఠకు చాలదు. నువ్వు ఉత్తరంలో రాసిన జాబితాలోని మూడు బ్యాగులూ ఇలాంటివే. '0 డిగ్రీల బ్యాగ్' అని ఉన్నదాన్ని చూసి మన సున్నా అనుకుని పక్కన పెట్టినట్టున్నావు. అది మైనస్ 18 సెల్సియస్. దాని కంఫర్ట్ మైనస్ 10, 11 దగ్గర ఉంటుంది. నువ్వు వెతకవలసిన వరస అదే.

ఇక చోటు విషయం. దీని మీద కాస్త ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే బరువు తగ్గించామని గొప్పగా చెప్పుకునే బ్యాగుల్లో చాలా వాటి రహస్యం లోపలి చుట్టుకొలత కోసేయడమే. వెచ్చదనం పుట్టేది నీ ఒంట్లోనే. బ్యాగులో నింపే డౌన్, అంటే బాతుల ఈకల అడుగున ఉండే మెత్తటి నూగు, ఉబ్బినప్పుడు అందులో చిక్కుకున్న కదలని గాలి దాన్ని బయటికి పోనివ్వదు. ఇరుకైన బ్యాగులో వెడల్పు భుజాల మనిషి పక్కకు తిరిగితే మోచెయ్యీ మోకాలూ లోపలి గుడ్డను బయటికి తోస్తాయి, అక్కడ డౌన్ నలిగి పలచబడుతుంది, సరిగ్గా ఆ చోటే చలి తగులుతుంది. ప్రయోగశాల బొమ్మ రాత్రంతా పక్కకు తిరగదు కాబట్టి ఈ లోపం చీటీ మీద కనబడదు. మరీ వదులైన బ్యాగులో వేరే కష్టం: నువ్వు కదిలిన ప్రతిసారీ అది కొలిమి తిత్తిలా వేడి గాలిని మెడ దగ్గరి నుంచి బయటికి ఊది చల్లగాలిని లోపలికి పీలుస్తుంది. కాబట్టి చోటు అవసరమైన చోటనే ఉండాలి, ఒంటికి కొలిచి ఎంచుకోవాలి.

రాత్రి వేసుకునే దుస్తులన్నీ తొడుక్కుని, పైన పఫర్ జాకెట్ కూడా వేసుకుని, చేతులు పక్కన ఆనించి నిలబడు. భుజాల చుట్టూ, చేతులతో కలిపి, అంగుళాల టేపుతో మీ అమ్మ చేత కొలిపించు. దానికి పది అంగుళాలు కలిపితే, నా లెక్కలో, భుజాల దగ్గర నీకు కావలసిన లోపలి చుట్టుకొలత వస్తుంది. నీ దేహానికి అది 62కీ 66కీ మధ్య తేలుతుందని నా అంచనా. కాళ్ళ వైపు సన్నబడే, ఈజిప్టు మమ్మీ ఆకారపు సన్నటి బ్యాగులు 58, 60 దగ్గర ఆగిపోతాయి. తుంటి దగ్గరి కొలత కూడా చూడు. నువ్వు చిన్నప్పటి నుంచీ మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునేవాడివి, అందుకని అక్కడ 58 అంగుళాలకు తగ్గితే నీకు నిద్ర పట్టదు. పక్కకు తిరిగి పడుకునేవారి కోసం మోచేతుల దగ్గరా మోకాళ్ళ దగ్గరా వెడల్పు చేసి మధ్యలో సన్నం చేసిన చెంచా ఆకారపు బ్యాగులు కూడా వస్తున్నాయి. నీ పడకకు అవి బాగా కుదురుతాయి. కొందరు తయారీదారులు కొలతను బయటి గుడ్డ మీద ఇస్తారు కాబట్టి, అంకె లోపలిదో బయటిదో మీ అక్కను కనుక్కోమను.

పొడవులో మొహమాటపడకు. ఆరడుగుల వరకు సరిపోతుందని రాసిన 'రెగ్యులర్' సైజు నీ ఎత్తుకు అంచున ఉంటుంది; కాలివేళ్ళు చివరను తోసి డౌన్‌ను నలిపితే పాదాలు తెల్లారేదాకా వేడెక్కవు. 'లాంగ్' తీసుకో. కాళ్ళ దగ్గర మిగిలే ఆ కాస్త చోటులో మరుసటి రోజు వేసుకునే పొడి సాక్సులు, ఫోను, హెడ్‌ల్యాంపు బ్యాటరీలు, మూత గట్టిగా బిగించిన వేడినీళ్ళ సీసా పెట్టుకోవచ్చు. ఖాళీ నిండితే వేడెక్కవలసిన గాలీ తగ్గుతుంది. తడిసిన బట్టలు మాత్రం లోపలికి తేవద్దు, వాటి తేమంతా డౌన్‌లోకి ఎక్కుతుంది.

ఈ వెడల్పుకీ పొడవుకీ చెల్లించే బరువు నువ్వు భయపడినంత కాదు. అదే వెచ్చదనంలో సన్నటి దానికీ వెడల్పైన దానికీ తేడా మామూలుగా నూట యాభై గ్రాములు దాటదు. ఆ బరువును తగ్గించుకునే దారి డౌన్ నాణ్యతలో ఉంది. ఒక ఔన్సు నూగు ఎన్ని ఘనపు అంగుళాల మేర ఉబ్బుతుందో చెప్పేదే ఫిల్ పవర్. 850 ఫిల్ పవర్ డౌన్ 450 గ్రాములు ఎంత ఉబ్బుతుందో, అంత ఉబ్బడానికి 650 రకం దాదాపు 590 గ్రాములు కావాలి. ఫిల్ పవర్ ఒక్కటే పెద్ద అక్షరాల్లో వేసి, లోపల ఎన్ని గ్రాములు నింపారో చెప్పని బ్యాగును నమ్మవద్దు. రెండు అంకెలూ కలిస్తేనే అర్థం. లాంగ్ సైజులో, వెడల్పుగా, మైనస్ 10 కంఫర్ట్ ఉన్న మంచి డౌన్ బ్యాగ్ 1.2 నుంచి 1.5 కిలోల మధ్య ఉంటుంది. అంతకు బాగా తక్కువ చెబితే, జిప్పు ఎక్కడ కోశారో, చుట్టుకొలత ఎక్కడ తగ్గించారో వెతుకు. కిలో లోపు కావాలన్న నీ పట్టుదల ఈ చలికి తగదు.

సింథటిక్ పీచు నింపినవి తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటాయి, ధరా తక్కువే. కానీ అదే వెచ్చదనానికి బరువూ పరిమాణమూ చాలా ఎక్కువ, పైగా మడిచి మడిచి కొన్నేళ్ళకు చచ్చుబడిపోతాయి. అద్దెకిచ్చేవి ఎక్కువగా అవే. వెన్ను కింద గుడ్డ లేని క్విల్టులు తేలిక, చోటూ ఎక్కువే, కానీ మంచు మీద పక్కల నుంచి గాలి దూరుతుంది. వాటిని వసంతకాలపు నడకలకు ఉంచుకో.

వెడల్పైన బ్యాగుకు రెండు భాగాలు తప్పనిసరి. మెడ చుట్టూ డౌన్ నింపిన కాలరు ఉండి, దాన్ని తాడుతో బిగించుకునే వీలుండాలి. ఇందాక చెప్పిన తిత్తి పనిని ఆపేది అదే. జిప్పు వెంట లోపలి వైపు డౌన్ నింపిన గొట్టం పై నుంచి కింది దాకా ఉండాలి. ఇంకా, డౌన్ నింపే గదులను పైగుడ్డా లోపలిగుడ్డా కలిపి నేరుగా కుట్టిన బ్యాగు తీసుకోవద్దు, ఆ కుట్టు వెంట డౌన్ ఉండదు. మధ్యలో సన్నటి అడ్డుగోడలు పెట్టి కుట్టినది కావాలి. గ్లవుజులతోనే తాళ్ళు లాగగలవో లేదో ఇంట్లోనే చూసుకో.

మ్యాట్ గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. నీ బరువు కింద నలిగిన డౌన్ వీపును కాపాడలేదు, నేల చలిని ఆపేది మ్యాటే. దాని శక్తిని ఆర్-విలువతో చెబుతారు, రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే విలువలు కలుస్తాయి. మంచు మీద మొత్తం ఐదుకు తగ్గకూడదు: ఆర్ రెండు ఉన్న మడత ఫోమ్ కింద, మూడున్నర నాలుగు ఉన్న గాలి మ్యాట్ పైన వేసుకుంటే సరిపోతుంది. వెడల్పైన బ్యాగు కొని 20 అంగుళాల మ్యాట్ మీద పడుకుంటే మోచేతులు నేల మీదికి జారతాయి కాబట్టి, 25 అంగుళాలది చూడు.

అక్కడికి వెళ్ళాక తల బ్యాగులోకి దూర్చి ఊపిరి వదలవద్దు. ముక్కూ నోరూ బయట ఉంచి హుడ్ బిగించుకో. అలా చేసినా రాత్రంతా ఒంటి తేమ కొంత డౌన్‌లో చేరుతూనే ఉంటుంది, కాబట్టి ఎండ రాగానే పావుగంటైనా తిరగేసి ఆరబెట్టాలి. ఇంటికొచ్చాక దాని చిన్న సంచిలో కుక్కి ఉంచవద్దు. పెద్ద పాత నూలు గలీబులో వదులుగా వేసి, అల్మరాలో పై అరలో పెట్టు. విజయవాడ వానాకాలంలో తేమ పట్టి బూజు వాసన రాకుండా అప్పుడప్పుడు గాలికి వేయి.

బ్యాగు చేతికి అందిన రాత్రే హాల్లో ఫ్యాను పెట్టుకుని మ్యాట్ మీద పరచి, అన్ని బట్టలతో లోపల దూరి, రెండు పక్కలకూ తిరిగి చూడు. చెమట పడుతుంది, ఫర్వాలేదు. మోచేతులూ మోకాళ్ళూ కాలివేళ్ళూ ఎక్కడైనా గుడ్డను తోస్తున్నాయేమో తెలుస్తుంది. అంతకంటే ముందు, ఈ ఆదివారంలోగా భుజాలు, తుంటి, పొడవు, మూడు కొలతలూ అంగుళాల్లో నాకు రాసి పంపు. నేను చూసి చెప్పాకే మీ అక్కకు ఆర్డరు పెట్టమని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ