నీళ్ల వేడి ఎవరు చూశారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. మందిరంలోనో ఇంట్లోనో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవారు అలసిపోయి రాసినవి. వాటిలో మూడింటికి జవాబు ఇస్తున్నాను. మొదటి జవాబు పెద్దదైంది. అది తగ్గించి రాయడం నాకు చేతకాలేదు.

*

*అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. పద్నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకే మందిరానికి వెళ్లి ఊడుస్తాను, జంబుకానాలు పరుస్తాను. ప్రభురాత్రి భోజనం గిన్నెలు కడిగేదీ నేనే. మొన్న సంఘ వార్షికోత్సవంలో పనిచేసిన వాళ్లందరినీ పిలిచి శాలువాలు కప్పారు. కుర్చీలు అద్దెకు తెచ్చిన అబ్బాయిని కూడా పిలిచారు. నా పేరు ఎవరికీ గుర్తు రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లూ దేవుని కోసం చేశానా, మెప్పు కోసం చేశానా అని నా మీద నాకే అనుమానం పుట్టింది. నిజంగా దీనత్వం ఉంటే ఇంత నొప్పి కలగకూడదు కదా? – ఒక సోదరి, తెనాలి*

సోదరీ, మీకు నొప్పి కలిగినందుకు మిమ్మల్ని మీరు దోషిగా నిలబెట్టుకోకండి. ముందుగా మీ సంఘ పెద్దల చెవిన పడేలా ఒక మాట చెబుతాను. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలో చివరి అధ్యాయం తెరిచి చూడండి. అంత గంభీరమైన బోధ అంతా ముగించాక ఆయన వరసగా పేర్లు రాసుకుంటూ పోయాడు. అన్నిటికంటే ముందు కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే. ఆ తర్వాత మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు. ఈ నలుగురు స్త్రీల గురించి ఆయన చెప్పినది వాళ్లు ప్రయాసపడ్డారని. పౌలు చెబుతుంటే పత్రికను చేత్తో రాసిన తెర్తియు కూడా తన పేరు చెప్పి వందనాలు పంపాడు. పేర్లు తలుచుకోవడం లోకపు అలవాటైతే అపొస్తలుడు అంత ఓపికగా అన్ని పేర్లు రాసేవాడా? పద్నాలుగేళ్లు ఊడ్చిన మనిషిని మరిచిపోవడం మీ పెద్దల తప్పు. దేవుడు మీ దీనత్వాన్ని పరీక్షించడానికి ఇలా చేశాడని ఎవరైనా సర్దిచెప్పబోతే ఒప్పుకోకండి.

ఇక మీ అనుమానం. దానికి నా జీవితంలోని ఒక రోజు గురించి చెప్పాలి.

నేను మిషను ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు నర్సుగా పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు కుష్ఠురోగుల వార్డులో. ఆ జబ్బు నరాలను దెబ్బతీస్తుంది. పాదాలకు స్పర్శ పోతుంది. ముల్లు దిగినా, చెప్పులో గులకరాయి ఉన్నా తెలియదు. నొప్పి లేదు కాబట్టి అలాగే నడుస్తారు, పుండు పడుతుంది. అందుకే రోజూ ఉదయం వరండాలో బేసిన్లు వరసగా పెట్టి రోగుల పాదాలు నీళ్లలో నానబెట్టేవాళ్లం. మెత్తబడిన ఆనెలను గరుకు రాయితో రుద్ది తీసి, తడి పూర్తిగా ఆరకముందే నూనె రాసేవాళ్లం. వేళ్ల సందులు, మడమ పగుళ్లు వెలుతురులో ఒక్కొక్కటీ తిప్పి చూడాలి. ఆ పనిలో మొదట నేర్పేది నీళ్ల వేడిని మోచేతితో చూడడం. వాళ్లకు వేడి తెలియదు కాబట్టి వాళ్ల బదులు మనం చూడాలి.

1983 మార్చి 31, శుభ శుక్రవారానికి ముందటి గురువారం. ఆసుపత్రికి దూరదేశం నుంచి అతిథులు వచ్చారు. యేసు తన శిష్యుల పాదాలు కడిగిన రాత్రిని జ్ఞాపకం చేసుకుంటూ నర్సులందరం రోగుల పాదాలు కడగాలని ఏర్పాటు చేశారు. నా వంతుకు నలుగురు వచ్చారు. తెల్లటి తువాలు నడుముకు కట్టుకున్నాను. ఆ రోజు మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు నా మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ గుర్తుంది. కళ్లు కూడా చెమర్చాయి. వంటింటి నుంచి వేడినీళ్లు తెచ్చి నాలుగు బేసిన్లలోనూ పోశాను. మూడింటిలో చన్నీళ్లు కలిపాను. నాలుగో దాని కోసం చెంబు అందుకోబోతుంటే, కెమెరా పట్టుకున్నాయన ఇటు తిరగమన్నారు. తిరిగాను. ఈలోగా పాట అందుకున్నారు, నాలుగో ఆయన పాదాలు నేనే ఎత్తి బేసిన్‌లో పెట్టాను. ఆయన నేతపని చేసి వచ్చిన పెద్దాయన, అరవై దాటి ఉంటాయి. నవ్వుతూ కూర్చున్నారు. పాట, వాక్యం, ప్రార్థన అయ్యాక మొదటి ముగ్గురివీ కడిగి ఆయన దగ్గరికి వచ్చి నీళ్లలో చేయి పెట్టగానే గుండె జల్లుమంది. అప్పటికే పాదాలు ఎర్రబడ్డాయి.

మరునాటికి రెండు పాదాల మీదా బొబ్బలు లేచాయి. అవి చితికి పుండ్లయ్యాయి. మానడానికి ఏడు వారాలు పట్టింది.

తొమ్మిదేళ్లలో నేను ఎన్ని వందల జతల పాదాలు కడిగానో లెక్క లేదు. మోచేతితో వేడి చూడని రోజు అదొక్కటే. చేసేది సేవ అని నాకు బాగా గుర్తున్న రోజు కూడా అదే.

ఆ ఏడు వారాలూ ఆయన కట్లు నేనే మార్చాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మూడోవారంలో మాత్రం, “అమ్మగారూ, ఎడమ చిటికెన వేలి కింద చూడండి, వాసన వస్తోంది” అన్నారు. చూస్తే చీము పడుతోంది. ఆ రోజుల్లో నా ఆలోచనంతా పుండు అంచులు ఎంత లోపలికి వచ్చాయి, కొత్త చర్మం ఏ రంగులో ఉంది, రాత్రి ఆయన కాలు దించి పడుకున్నారా అన్నదే. నేను ఎవరికి ఎలా కనిపిస్తున్నానన్నది వారాల తరబడి మనసుకు రాలేదని ఆయన ఇంటికి వెళ్లాక గాని నాకు తెలియలేదు.

అందుకే, సోదరీ, దేవుని కోసమా మెప్పు కోసమా అని మీలోపల తవ్వుకుంటూ కూర్చోకండి. తవ్వితే రెండూ దొరుకుతాయి, నాకూ దొరికాయి. నాలో దీనత్వం ఎంత ఉందని కొలుచుకోవడం కూడా నన్ను నేను చూసుకోవడమేనని నాకు ఆలస్యంగా తెలిసింది. మీ మందిరంలో మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ గోడకు ఆనుకుని కూర్చోవడానికి వీలుగా జంబుకానా ఎక్కడ పరవాలో మీకు తెలిసే ఉంటుంది. వాన పడితే ఏ కిటికీ పక్కన నీళ్లు కారతాయో కూడా తెలుసు. మీ పద్నాలుగేళ్లు ఎటు చూస్తూ గడిచాయో ఆ సంగతులే చెబుతాయి.

రెండు పనులు చేయండి. పాస్టరుగారి భార్య దగ్గరికి వెళ్లి, “అందరినీ పిలిచి నన్ను మరిచిపోయారు, నాకు బాధ కలిగింది” అని నేరుగా చెప్పండి. లోపల దాచుకుంటే అది చేదుగా మారుతుంది. రెండోది, ఒక నెలపాటు ఆ పని ఇద్దరు అమ్మాయిలకు అప్పగించి, మీరు అందరిలా ఆరాధన వేళకు వచ్చి వాళ్లు పరిచిన జంబుకానా మీద కూర్చోండి. యేసు పాదాలు కడిగిన ఆ రాత్రి శిష్యుడైన పేతురుకు కష్టమైనది కడగడం కాదు, కడిగించుకోవడం. నా పాదాలు ఎన్నటికీ కడగవద్దన్నాడు. ఆ అమ్మాయిలకు గిన్నెలు సరిగా కడగడం రాదని మీకు అనిపిస్తే, ఎలా కడగాలో ఒకసారి చూపించి, వెళ్లి మీ చోట కూర్చోండి. ఇది మీకు ఊడ్చడం కంటే కష్టంగా ఉంటుంది. నాకు ఉండేది.

*

*మా సంఘ యువజన సమాజానికి నేను కార్యదర్శిని. వరదలప్పుడు బియ్యం, దుప్పట్లు పంచుతాం. పుచ్చుకునేవాళ్ల ఫొటోలు పెడితేనే కానుకలు వస్తున్నాయి. పంచే ముందు అరగంట కూడిక పెట్టి వాక్యం చెప్పాలని పెద్దలు అంటున్నారు. నా మనసు ఒప్పుకోవడం లేదు. – ఒక యువకుడు, ఖమ్మం*

బాబూ, నీ మనసు సరిగానే చెబుతోంది. ఇచ్చినవారికి లెక్క చూపించాలి, అది న్యాయం. బస్తాలు దించుతున్న ఫొటో, కొట్టు బిల్లు, ఎన్ని ఇళ్లకు ఎంత ఇచ్చారో రాసిన కాగితం చాలు. చేయి చాచిన తల్లి ముఖం వల్ల ఆ లెక్కకు కలిసొచ్చేది ఏమీ లేదు. రేపు ఆమె కొడుకు తోటిపిల్లల ఫోనులో ఆ ఫొటో చూస్తాడు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు అన్నది ఇచ్చేవాడి మంచి కోసమే అనుకుంటాం. పుచ్చుకునేవాడి పరువు కూడా అందులో ఉంది.

కూడిక సంగతికి మన నేల మీదే ఒక జవాబు ఉంది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడు ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ మిషనరీ కాకముందు భూములు కొలిచే పని తెలిసినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం కావాలని ఎంతోమంది అడిగారు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, సహాయం నడిచినంతకాలం, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాతే 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలోకి దిగి బాప్తిస్మాలు ఇచ్చినది తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. క్లౌ దొర ఇవ్వలేదు.

ఆ 2,222 అనే అంకెను మన సభల్లో చప్పట్ల మధ్య చెబుతారు. అంతకుముందు “ఇప్పుడు కాదు” అంటూ గడిపిన నెలల గురించి చెప్పినవారిని నేను ఎక్కువగా వినలేదు. మీ పెద్దలకు ఆ నెలల గురించి చెప్పు. ముందు బియ్యం ఇవ్వండి. వరసలో నిలబడలేని ముసలివాళ్లకూ బాలింతలకూ ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి. ఎందుకు ఇస్తున్నారని ఎవరైనా అడిగితే అప్పుడు చెప్పండి.

*

*మా అత్తగారికి పక్షవాతం వచ్చి నాలుగేళ్లు. ముగ్గురు కొడుకులున్నా చూసుకునేది నేనొక్కదాన్నే. నా నడుము పడిపోయింది. ఒక్కోసారి ఆమె మీద కసురుకుంటున్నాను, తర్వాత ఏడుస్తున్నాను. మా పాస్టరుగారిని అడిగితే, సణగకుండా తగ్గించుకుని చేయమన్నారు. – ఒక కోడలు, కర్నూలు*

అమ్మా, భూమి మీద ఉన్న వాళ్లందరిలోకీ సాత్వికుడని సంఖ్యాకాండం ఎవరిని గురించి చెబుతోంది? మోషేను గురించి. ఆ మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగవులు తీరుస్తుంటే, మామగారు యిత్రో వచ్చి చూశాడు. నువ్వు చేస్తున్నది మంచిది కాదు, నలిగిపోతావు, ఇది ఒక్కడివి మోయగలిగే భారం కాదు అన్నాడు. మోషే విని, పని పంచాడు. సాయం అడగడం సణుగుడు కాదని మీ పాస్టరుగారికి ఆ నిర్గమకాండం పద్దెనిమిదో అధ్యాయం చూపించండి.

మరుదులతో “కాస్త సాయం చేయండి” అంటే ఎవరూ కదలరు. మీ భర్త చేత ఫోను చేయించి తేదీలు చెప్పించండి: రెండో శనివారం ఉదయం నుంచి ఆదివారం రాత్రి వరకు పెద్దాయన, నాలుగో శనివారం చిన్నాయన. మీ భర్తకు రోజూ రాత్రి వంతు ఉండాలి, ఆయన కన్నతల్లే కదా.

మీ నడుము కోసం మంచం కాళ్ల కింద గట్టి దిమ్మలు పెట్టించి ఎత్తు పెంచండి. ఆమెను ఒంటరిగా ఎత్తకండి. కింద మడత దుప్పటి పరిచి, ఇద్దరు రెండు వైపులా పట్టుకుని జరపాలి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పినప్పుడల్లా మడమలు, తుంటి, నడుము కింద ఎముక దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడాలి. కసురుకున్న రోజున పక్కన కూర్చుని, “అత్తయ్యా, అలసిపోయి అలా అన్నాను” అని చెప్పండి. మాట పడిపోయినా చాలామందికి వినబడుతుంది, అర్థమవుతుంది.

మరుదులు వచ్చిన ఆ రెండు రోజులు మీరు పుట్టింటికి వెళ్లండి. మందుల వేళలు, పక్కకు తిప్పే వేళలు కాగితం మీద రాసి గోడకు అంటించి వెళ్లండి. “అమ్మ తినడం లేదు, నువ్వు రావాలి” అని ఫోను వస్తే, తల ఎత్తి కూర్చోబెట్టమని, ముద్ద చిన్నదిగా చేసి బాగున్న వైపు పెట్టమని, మింగాకే ఇంకొకటి ఇవ్వమని ఫోనులోనే చెప్పండి.