సముద్రపు కోత ఆపబోయే మేనకోడలికి

చిట్టితల్లికి, మావయ్య దీవెనలు.

ఇంగ్లాండు ఉద్యోగం వదిలేసి మన శ్రీకాకుళం జిల్లాకే వచ్చేస్తున్నావనీ, తీరం కోత ఆపే పనిలో డిజైన్ ఇంజినీరుగా చేరుతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వీధిలో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నా సర్వీసంతా కాలవగట్ల మీదే గడిచింది. గట్టు తెగితే మళ్లీ వేసుకోవచ్చు. సముద్రం దగ్గర లెక్క తప్పితే ఊరే పోతుంది. అందుకే రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. రాళ్ల కింద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లని వదిలి ఇసుకని ఆపేది) పరవకుండా ఒక్క రాయి కూడా వెయ్యనివ్వకు. లేకపోతే అడుగు ఇసుక సందుల్లోంచి జారిపోయి గోడ కుంగుతుంది. తీరప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) అనుమతి చేతికొచ్చేదాకా తీరానికి లారీ రాకూడదు. కళ్లతో చూడని కొలతకి కొలతల పుస్తకంలో (ఎం-బుక్‌లో) సంతకం పెట్టకు, ఎవరు ఒత్తిడి చేసినా సరే.

నా టెన్షన్ వేరే ఉంది. నువ్వు ఇన్నాళ్లూ పనిచేసింది గులకరాళ్ల తీరంలో. ఇంగ్లాండు దక్షిణ తీరాన పెవెన్సీ బేలో తొమ్మిది కిలోమీటర్ల పొడవునా గులకరాళ్ల గట్టే రక్షణ అనీ, కెరటాలు తూర్పుకి తోసుకుపోయిన రాళ్లని లారీల్లో మళ్లీ పడమటికి తెచ్చి పోస్తారనీ నువ్వే చెప్పావు. నాకు చాలా నచ్చింది ఆ పద్ధతి. అక్కడ పైకెక్కిన నీళ్లు రాళ్ల సందుల్లోకి ఇంకిపోతాయి కాబట్టి వెనక్కి లాగే బలం తగ్గి, రాళ్లు పైనే పోగవుతాయి. మన ఇసుక అలా నిలబడదమ్మా. తుఫాను వస్తే ఇసుక లోపలికి పోయి కాస్త దూరంలో నీటి కింద మేటగా పడి ఉంటుంది. పెద్ద కెరటాలు ఆ మేట మీదే విరిగిపోతాయి. సముద్రం నెమ్మదించాక అదే ఇసుక మెల్లగా ఒడ్డుకి వస్తుంది. ఆ రాకపోకలకి అడ్డంగా నిలువు గోడ కడితే కెరటం గోడని కొట్టి వెనక్కి మళ్లి పాదం దగ్గర తవ్వేస్తుంది. గోడ ఉంటుంది, దాని ముందు బీచ్ ఉండదు.

పోయిన వేసవిలో నువ్వు హాల్‌శాండ్స్ చూడ్డానికి వెళ్లి వీడియో కాల్లో చూపించావు చూడు, కొండ అంచున మిగిలిన ఆ మొండి గోడలు. అప్పటినుంచీ ఆ ఊరు నా మనసులోంచి పోలేదు. దొరికినంతా చదివాను. ఇంగ్లాండులోని డెవన్ తీరంలో చేపలు పట్టుకు బతికే చిన్న ఊరు. ఇళ్ల ముందు ఎత్తుగా గులకరాళ్ల తీరం. ప్లిమత్ దగ్గర నౌకాదళం రేవు పెద్దది చేస్తున్నారు, కాంక్రీటుకి కంకర కావాలి. అనుమతి ఇచ్చేశారు, 1897లో ఆ ఊరి ముందు సముద్రంలోంచి తవ్వడం మొదలైంది. తీసినదాన్ని సముద్రమే మళ్లీ తెచ్చి నింపుతుందని అధికారుల నమ్మకం. ఊరివాళ్లు మొదట్నించీ వద్దంటూనే ఉన్నారు. మొత్తం సుమారు ఆరున్నర లక్షల టన్నులు పోయాయి. ఇళ్ల ముందు తీరం మనిషి ఎత్తుకి మించి దిగిపోయింది. 1902లో తవ్వకం ఆపించారు, గోడలు కూడా కట్టారు. కానీ ఆ గులకరాళ్లు ఏటేటా కొట్టుకొచ్చేవి కావు, ఎప్పుడో మంచుయుగం వెళ్లిపోతూ వదిలిన నిల్వ. తీసింది తీసినట్టే పోయింది. 1917 జనవరి 26 రాత్రి తూర్పు గాలీ పెద్ద పోటూ కలిసి వచ్చాయి. ఆ ఏడాది గడిచేసరికి నివాసానికి పనికొచ్చే ఇల్లు ఒక్కటే మిగిలింది. ఒక్క ప్రాణం పోలేదు, అదొక్కటే ఊరట. ఆ ఇంట్లో ఒకావిడ 1964లో కన్నుమూసేదాకా ఉండిపోయిందట. పక్కన మనిషి లేకుండా అన్నేళ్లు ఎలా ఉందో తలుచుకుంటే నాకు కడుపులో దేవుతుంది.

ఇంగ్లాండు కథ మనకెందుకని అనుకోకు. నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఒక ఊళ్లో కోతకి అడ్డుగా ఇసుక బస్తాలు వేయించారు. ఆ బస్తాలు నింపింది ఎక్కడి ఇసుకతో అనుకున్నావు? అక్కడికక్కడే, ఊరికీ సముద్రానికీ మధ్యనున్న దిబ్బ తవ్వి. మొగలిపొదలు పట్టి నిలబెట్టిన దిబ్బ. అడిగిన జాలరి పెద్దని పక్కకి నెట్టారు. ఒక్క వానాకాలం గడవకుండానే బస్తాలూ పోయాయి, దిబ్బా పోయింది, కెరటం ఇళ్ల దాకా వచ్చింది. ఆ పెద్దాయన ముఖం ఇప్పటికీ గుర్తే. నీ పని జరిగే చోట ముందూ వెనకా ఒక్క తట్ట ఇసుక కూడా ఎవరూ ఎత్తకూడదు. ఈ మాట కాంట్రాక్టు కాగితంలో రాయించు, తర్వాత నోటిమాటగా చెప్తే ఎవడూ వినడు.

ఇంకో సంగతి. మన తీరానికి ఇసుక తెచ్చేవి వంశధార, నాగావళి. గొట్టా దగ్గర, తోటపల్లి దగ్గర బ్యారేజీలు కట్టుకున్నాం, కొంత ఇసుక అక్కడే ఆగుతుంది, కానీ అవి లేకపోతే పొలాలు లేవు. కిందనేమో ఇళ్ల కోసం ఏటి ఇసుక లారీలకెత్తుతున్నాం. మొగ దాటి సముద్రంలోకి వెళ్లిన ఇసుకని నైరుతి గాలుల కెరటాలు ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య గాలులు కొంత వెనక్కి తెస్తాయి. ఏడాది మొత్తంలో ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అందుకే నువ్వు ఎక్కడ రాళ్లు వేసినా, అక్కడ ఆగిన ఇసుక అందక కోతపడే ఉత్తరపు ఊరు నీ బాధ్యతే. విశాఖలో చూశావుగా, హార్బరు దగ్గర ఆగిన ఇసుకని తవ్వి ఆర్కే బీచ్‌లో పోస్తూ ఉండాల్సొస్తోంది. మన పేద ఊళ్లకి ఆ ఇసుక తవ్వే ఓడలు (డ్రెడ్జర్లు) ఎవరు తెస్తారు?

పడవలు ఒడ్డెక్కే చోటు వదలకుండా గోడ కట్టావంటే నేనే వచ్చి నీతో పోట్లాడతాను. ఎక్కడ వదలాలో ఆడవాళ్లని కూడా అడుగు, చేపలు ఎండబెట్టుకునేది వాళ్లే.

అక్టోబరు అంటే నాకు భయం. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ సరిగ్గా మరుసటేడు అదే తేదీ, తిత్లీ 2018 అక్టోబరు 11. మూడూ ఒక్క రోజు తేడాలోనే. దసరా నాటికి పునాది గుంత ఏదీ తెరిచి ఉంచకు. హెచ్చరిక వస్తే సైటు వదిలి ఇంటికొచ్చెయ్, మిషన్లు ఎలా పోతే అలా పోనీ. చిన్నప్పుడు కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర నా చెయ్యి విడిపించుకుని కెరటంలోకి పరిగెత్తావు, నిన్ను లాక్కొచ్చి గట్టిగా ఒక్కటి వేశాను. నువ్వు ఏడవలేదు, మళ్లీ వెళ్తానన్నావు. ఆ మొండితనం ఆఫీసులో ఎంత కావాలంటే అంత చూపించు, నీళ్ల దగ్గర మాత్రం వద్దు.

వచ్చిన వెంటనే డ్రాయింగ్ గీసెయ్యకు. కనీసం ఒక ఏడాది పొడవునా తీరం ఎత్తులు కొలిపించు, వేసవిలో ఒకసారి, తుఫాన్ల తర్వాత ఒకసారి. ఆలస్యమైతే మాటలు పడతావు, పడు. మొదటి డ్రాయింగ్ నాకు పంపు, పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించి, ఉత్తరపు కొస ఎక్కడ ఆగుతుందో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి. కళ్లు సరిగా ఆనడం లేదు కానీ అదొక్కటి చూడగలను. టిక్కెట్టు తేదీ మీ అమ్మకి చెప్పు, స్టేషనుకి నేనే వస్తాను.

మీ మావయ్య