1945 తర్వాతి చరిత్ర గుర్తుండటం లేదు, వదిలేయనా?

ప్రశ్న: బీఏ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. సివిల్స్ నా లక్ష్యం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జరిగిన సంఘటనలన్నీ తేదీలతో పట్టిక వేసుకుని బట్టీ పడుతున్నా. నెల తిరిగేసరికి అంతా కలగాపులగం అయిపోతోంది. టెన్షన్‌గా ఉంది. ఈ భాగం వదిలేస్తే నష్టమా?

జవాబు: వదలకండి. పట్టికను మాత్రం పక్కన పెట్టండి. ప్రిలిమ్స్ సిలబస్‌లో ప్రపంచ చరిత్ర లేదు. మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో ఉంది. అక్కడ తేదీ చెప్పమనరు, ఎందుకు జరిగిందో రాయమంటారు.

మీ పట్టికలో అప్పట్లో బ్రిటన్ పాలనలో ఉన్న పాలస్తీనా, ట్రూమన్ సిద్ధాంతం (కమ్యూనిజం ముప్పున్న దేశాలకు అమెరికా అండగా ఉండాలనే విధానం), మన స్వాతంత్ర్యం తలో మూల ఉండి ఉంటాయి. ఈ మూడింటి వెనకా ఉన్న కారణాల్లో ఒకటి ఉమ్మడిది. యుద్ధం గెలిచిన బ్రిటన్ దగ్గర డబ్బు లేదు.

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోగానే, యుద్ధంలో మిత్రదేశాలకు ఆయుధాలు, సరుకులు ఇచ్చే లెండ్-లీజ్ సాయాన్ని అమెరికా ఆపేసింది. బ్రిటన్ ఆర్థికవేత్త కీన్స్ అప్పు కోసం వాషింగ్టన్ వెళ్లారు. 375 కోట్ల డాలర్లు దొరికాయి, అదీ కఠినమైన షరతులతో. ఇంకోపక్క బ్రిటన్ యుద్ధకాలంలో ఇక్కడి నుంచి వాడుకున్న సరుకులకు, సైన్యం ఖర్చులకు మన దేశానికే వంద కోట్ల పౌండ్లకు పైగా బాకీ పడింది. పాలించేవాడే పాలితుడికి బాకీ! స్టెర్లింగ్ నిల్వలంటే ఇవే. జవాబులో ఈ ముక్క తప్పకుండా రాయండి.

ఇక 1947 ఫిబ్రవరి. విపరీతమైన చలి, బొగ్గు కొరత, కరెంటు కోతలతో బ్రిటన్‌లో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పాలస్తీనా సమస్యను ఐక్యరాజ్యసమితికి అప్పగిస్తామని బ్రిటన్ ప్రధాని అట్లీ ప్రభుత్వం 18న చెప్పింది. 1948 జూన్ లోపు భారత్‌లో అధికారం అప్పగిస్తామని 20న ప్రకటించింది. గ్రీస్, టర్కీలకు ఇక సాయం చేయలేమని 21న అమెరికాకు కబురు పెట్టింది. ఆ బరువు తలకెత్తుకోవడానికే మార్చి 12న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తమ కాంగ్రెస్‌ను (అక్కడి పార్లమెంటును) 40 కోట్ల డాలర్లు అడిగారు. ట్రూమన్ సిద్ధాంతం పుట్టింది అక్కడే. ఇలా చదివితే తేదీలు వాటంతటవే గుర్తుంటాయి.

ఒక జాగ్రత్త. ఖాళీ ఖజానా వల్లే మనకు స్వాతంత్ర్యం వచ్చిందని రాస్తే మార్కులు పోతాయి. క్విట్ ఇండియా, 1946 ఫిబ్రవరి నాటి నౌకాదళ తిరుగుబాటు కూడా కలపాలి.

ఈ వారం 1947 ఫిబ్రవరి ఒక్క నెల మీదే 250 పదాల్లో జవాబు రాసి మీ లెక్చరర్‌కు చూపించండి. తర్వాత బెర్లిన్ దిగ్బంధం, కొరియా విభజన. అట్లాస్ పక్కనే ఉంచుకోండి.

సివిల్స్ ఒక్కదాన్నే నమ్ముకోమని మాత్రం చెప్పను. ఈ సబ్జెక్టు మీద ఇష్టం పెరిగితే జేఎన్‌యూ లాంటి చోట అంతర్జాతీయ సంబంధాల్లో ఎంఏ ఉంది. ఆ చదువు పొలిటికల్ సైన్స్ ఆప్షనల్‌కూ పనికొస్తుంది, తర్వాత నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాస్తే బోధన వైపూ వెళ్లొచ్చు. పీజీ ప్రవేశ పరీక్షకు ఫైనల్ ఇయర్‌లో ఉండగానే దరఖాస్తు చేసుకోవచ్చు.